కాపిశాయనం నుండి 'వైన్స్' బోర్డు దాకా

మా మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి. కడప నుండి కర్నూలుకు పోయే దారీ, ప్రొద్దుటూరు నుండి బద్వేలుకు పోయే దారీ ఇక్కడ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. బడిలో అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లవాడిని ఆ కూడలిలో నిలబెడితే మొదట చదవగలిగే మాటలలో 'వైన్స్' ఒకటి. ఎర్రటి అక్షరాలు, తెల్లటి బోర్డు, కింద ఇనుప జాలీ. ఆ జాలీ వెనుక బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, రమ్ము, బీరు ఉంటాయి. బోర్డు మీద పేరున్న సరుకు మాత్రం సాధారణంగా ఉండదు. యాభై యేళ్లు ఆ బోర్డుల ముందు నుండి నడిచి కూడా, వైను అంటే ఏమిటో నాకు తెలియదన్న సంగతి నాకే తెలియలేదు.

తెలిసివచ్చింది 2018 అక్టోబరులో, అమెరికాలో. మా అక్క కొడుకు మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర ఉంటాడు. వాడింట్లో రెండు నెలలున్నాను. ఒక రాత్రి వాడు కంప్యూటరు ముందు తల పట్టుకొని కూర్చున్నాడు. వాడి పై అధికారి కొత్తగా ఇల్లు కొన్నాడట. గృహప్రవేశానికి వెళ్లేటప్పుడు ఒక వైను సీసా తీసుకుపోవడం అక్కడి మర్యాద. మావాడు తాగడు. తెర మీద చూస్తే వందల సీసాలు. ఎరుపు, తెలుపు, గులాబి, నురగలు కక్కేవి. పన్నెండు డాలర్ల నుండి మూడు వందల డాలర్ల దాకా.

"మామా, నువ్వు హిస్టరీ చదివినోనివి గదా, యాది కొనాల్నో చెప్పు" అన్నాడు నవ్వుతూ.

ముప్పై యేళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి మొదలైన వెదుకులాటే ఈ వ్యాసం.

మొదట పేర్ల సంగతి. తెలుగులో ఈ పానీయానికి మూడు వీధులలో మూడు పేర్లున్నాయి. ఆయుర్వేద వైద్యుని కొట్టులో అది ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం. ద్రాక్షలకు బెల్లమో తేనెయో చేర్చి, ధాతకీ పుష్పాలు వేసి, కుండ మూతికి గుడ్డ చుట్టి మట్టి మెత్తి పులియబెట్టిన మందు. చర్చిలో అది ద్రాక్షారసం. తెలుగు బైబిలు ఆ మాటనే వాడింది. సారా కొట్టు ముందు అది 'వైన్స్'. మొదటి రెండు పేర్లలో ద్రాక్ష ఉంది, మూడోదానిలో లేదు. సరుకులోనూ లేదు. ఈ మూడో పేరు మనకెట్లా వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

నిజానికి మన పాత గ్రంథాలకు ఈ విషయంలో ఎంత సూక్ష్మమైన తెలివి ఉండేదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండవ అధికరణంలో సురాధ్యక్షుని మీద ఒక అధ్యాయం ఉంది. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని అందులో ఆరు రకాలు చెప్పాడు. బియ్యంతో చేసేది వేరు, పిండితో చేసేది వేరు, వెలగపండుతో చేసేది వేరు. చివరిదైన మధువు అంటే ద్రాక్షరసం. దానికి రెండు పేర్లున్నాయనీ, అవి పుట్టిన చోటును బట్టి వచ్చిన పేర్లనీ వివరించాడు: కాపిశాయనం, హారహూరకం. కాపిశి అంటే నేటి ఆఫ్ఘనిస్తాన్‌లో కాబూలుకు ఉత్తరాన ఉన్న బేగ్రాం ప్రాంతం. పాణిని కూడా కాపిశి నుండి కాపిశాయన శబ్దం ఏర్పడే తీరుకు ప్రత్యేకంగా ఒక సూత్రం కేటాయించాడు.

ఇది చిన్న విషయం కాదు. వైనుకు ఊరి పేరు పెట్టడం అంటే, ఆ నేలకూ ఆ వాతావరణానికీ ఒక రుచి ఉందని ఒప్పుకోవడం. షాంపేన్ పేరు షాంపేన్ ప్రాంతపు వైనుకే చెందాలన్న పట్టుదల ఫ్రెంచివారిది. వారు ఊరి పేర్లను కాపాడే జాతీయ వ్యవస్థను 1935లో ఏర్పరచుకున్నారు. కాపిశాయనం అన్న మాటలో ఆ ఆలోచన బీజరూపంలో ఉంది.

కౌటిల్యుడు ఇంకా చెప్పాడు. మద్యశాలలో అనేక గదులుండాలి. వేరువేరు ఆసనాలు, శయ్యలు ఉండాలి. గంధం, పూలు, నీళ్లు ఋతువుకు తగినట్లు అమర్చాలి. తెలిసినవారికి, నడవడి మంచిదైనవారికి, కొద్ది కొలతలో బయటికి తీసుకుపోనీయవచ్చు. ఎవడైనా తన తాహతుకు మించి ఖర్చు పెడుతున్నాడా అని గూఢచారులు కనిపెట్టి ఉండాలి. పండుగలకు, జాతరలకు నాలుగు రోజులు మాత్రం సడలింపు. అతనికి తాగేవాడి ఆరోగ్యం మీదకంటే ఖజానా మీదనే మక్కువ ఎక్కువ, కాదనను. కానీ ఆ ఏర్పాటులో తాగేవాడు కూర్చోగలడు; తన ముందున్నది ఏమిటో, ఎక్కడిదో అడగగలడు.

ఎంచుకోవడానికి మరో సాక్ష్యం విదేశీయులది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో వ్రాసిన 'ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్' అనే నావికుల కరదీపిక, భరుకచ్ఛ రేవులో దిగే సరుకులలో వైనును పేర్కొంటుంది: ఇటలీ వైనుకు గిరాకీ ఎక్కువ, లవొదికయ, అరేబియా వైనులు కూడా వస్తాయి అని. అంటే రెండు వేల యేళ్ల క్రితమే మనవాడు మూడు దేశాల సరుకు ముందు పెట్టుకొని ఇటలీదే కావాలన్నాడన్నమాట. పుదుచ్చేరి పక్కన అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వకాలలో రోమను ఆంఫొరా జాడీల పెంకులు బయటపడ్డాయి. యవనులు మంచి ఓడలలో తెచ్చిన చల్లని పరిమళ మద్యాన్ని పాండ్యరాజు బంగారు పాత్రలలో సేవించాలని కోరే పద్యం ఒకటి తమిళ పురనానూరులో ఉంది.

మరి మన తెలుగునేల? నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుండగా రోమను బంగారు నాణేలున్న కుండ దొరికిన ఉదంతం 1790 నాటి 'ఏషియాటిక్ రిసెర్చెస్' సంపుటిలో అచ్చయింది. ట్రేజను, హేడ్రియను చక్రవర్తుల నాణేలవి. నెల్లూరు పెన్న ఒడ్డున ఉంది. అదే పెన్న ఎగువన గండికోట కనుమలో నుండి జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా మా జిల్లాను చీల్చుకుంటూ పోతుంది. ఆ నాణేలకు బదులుగా మనం ఏమిచ్చామో, ఆ ఓడల్లో ఇంకేమి దిగిందో ఊహించగలం గాని, ఊహను చరిత్ర అనకూడదు. అందుకే అక్కడ ఆగుతాను.

గండికోట అన్నాను కనుక తవెర్నియేను తలచుకోవాలి. ఈ ఫ్రెంచి రత్నవర్తకుడు 1652లో గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. గోల్కొండ నగరాన్ని వర్ణిస్తూ, అక్కడ కల్లు దుకాణాల నుండి సుల్తానుకు వచ్చే రాబడి చిన్నది కాదని వ్రాశాడు. ఊరిబయటి తాళ్ల నుండి తోలు సంచులలో గుర్రాల మీద కల్లు దిగేదట. ఇక పెద్దలు తాగే వైను పర్షియాలోని షీరాజు నగరానిది. ఆనాటి ఇంగ్లీషు, డచ్చి వర్తక సంఘాలు షీరాజులో వైను చేయించి, గాజు సీసాలలో నింపి, గడ్డి చుట్టి, పెట్టెలలో భారత రేవులకు తెచ్చేవి. సామాన్యునికి తాటికల్లు, అమీరుకు షీరాజు. ఈ చీలిక నాటినుండీ మానలేదు.

ఇక్కడ మా మేనల్లుడి కథలోకి ఒక్క క్షణం వస్తాను. ఆ రాత్రి తెర మీద 'షీరాజ్' అన్న పేరు చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. "ఇది తెలుసురా, గోల్కొండ నవాబులు తాగినది" అన్నాను. కింద చదివితే ఆస్ట్రేలియాది. పర్షియా నుండి ఆ ద్రాక్ష ఫ్రాన్సుకు పోయిందనే కథ చాలాకాలం నడిచింది. 1998లో జన్యుపరీక్ష చేస్తే, ఆ ద్రాక్ష ఫ్రాన్సులోని రెండు స్థానిక రకాలకు పుట్టిన బిడ్డ అని తేలింది. షీరాజు నగరానికీ దానికీ పేరులోనే చుట్టరికం. కొత్తగా కొనేవాడికి మొదటి పాఠం ఇక్కడ దొరికింది నాకు: సీసా మీది పేరులలో ఒకటి ఊరిది, ఒకటి ద్రాక్షది, ఒకటి చేసినవాడిది. ఏది ఏదో విడదీసుకోనిదే ముందుకు పోకూడదు.

మళ్లీ కడపకు. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు వదలుకున్నాడు. దత్తమండలమయింది. థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరు. కుంఫిణీ పాలనలో కల్లు, సారా అమ్మకపు హక్కు వేలానికి వచ్చింది. ఎవడు ఎక్కువ పాడితే వాడిదే ఊరు. పాటలో పెట్టిన సొమ్ము తిరిగి రాబట్టుకోవాలంటే పాటదారు ఎక్కువ తాగించాలి, తక్కువ ఖర్చుతో తాగించాలి. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చి ఈ వ్యవస్థను బిగించింది. ఆబ్కారీ అన్న పారశీక పదం మన పల్లెల్లో 'అబుకారి' అయి, ఖాకీ చొక్కాకు పర్యాయపదమయింది. దొరలు తమకోసం సముద్రం మీద మడైరా వైను తెప్పించుకునేవారు. వేడి సముద్రాల మీద ఊగుతూ వచ్చినందువల్ల దాని రుచి హెచ్చుతుందని వారి నమ్మకం. రైతుకు మాత్రం ఆ సంవత్సరపు పాటదారు ఏది పోస్తే అదే.

అర్థశాస్త్రపు మద్యశాలకూ, ఆబ్కారీ అంగడికీ తేడా ఇక్కడ ఉంది. పన్ను రెండింటిలోనూ ఉంది. రెండో దానిలో ఎంపిక పోయింది.

దీని మీద తిరుగుబాటు కూడా మా జిల్లాలో తొందరగానే వచ్చింది. చాలామందికి తెలియని సంగతి ఇది. 1937లో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించింది. 1938లో దానిని విస్తరించిన జిల్లాలు రెండు: చిత్తూరు, కడప. తెలుగునేల మీద ఈ నిషేధాన్ని మొదట చవిచూసినవి ఈ రెండు రాయలసీమ జిల్లాలే. పోయిన ఆబ్కారీ రాబడిని పూడ్చడానికి 1939లో మద్రాసు ప్రభుత్వం అమ్మకపు పన్ను తెచ్చింది. మనం దశాబ్దాలపాటు కట్టిన సేల్సు టాక్సుకు మూలం ఆనాడు మూతబడిన సారా కొట్లలో ఉందన్నమాట. యుద్ధకాలంలో నిషేధం సడలింది. 1948లో రాష్ట్రమంతటా వచ్చింది.

1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. నిషేధం విఫలమయిందని రామమూర్తి కమిటీ నివేదిక ఇచ్చింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం దాన్ని అమలుపరచలేదు. గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్నగారు సత్యాగ్రహం నడిపారు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. ఆంధ్రకేసరి అంతటివాడిని కల్లు ముంత గద్దె దించింది. తరువాత 1969లో నిషేధం ఎత్తివేశారు. వేలంపాటలు మళ్లీ వచ్చాయి. 1980లలో ప్రభుత్వమే సారాయిని ప్లాస్టిక్ పొట్లాలలో నింపి ఊరూరికీ చేర్చింది. ఆ పథకం పేరు వారుణివాహిని. సముద్రమథనంలో పుట్టిన మద్యాధిదేవత పేరు. లోపల మాత్రం మొలాసిస్ నుండి తీసిన సారా.

ఇక నేను చూసినది చెప్పాలి. మా నాయన మంచి సేద్యగాడు. కె.సి. కాలువ కింద పసుపు పండించేవాడు. పసుపు అమ్మిన రోజు సాయంత్రం ఇంటికి సొమ్ము రావాలి. మొదట సగం వచ్చేది, తరువాత పావు, ఆ తరువాత నాయన ఒక్కడే వచ్చేవాడు, కొన్నాళ్లకు ఆయన్ను మేమే పోయి తీసుకొచ్చేవాళ్లం. పొట్లం చివర పంటితో కొరికి, తల వెనక్కి వంచి, ఒక్క గుక్క. కూర్చునేవాడు కాదు, రుచి చూసేవాడు కాదు. ఆయన మొహంలో ఆనందం నేనెప్పుడూ చూడలేదు. 1991లో పోయాడు. అప్పటికి కాలువ కింద రెండెకరాలు పోయాయి.

మరుసటి సంవత్సరం నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మగారి పేరు దేశమంతా తెలిసింది. ఆ గాలి రాయలసీమ జిల్లాలకూ వీచింది. మా అమ్మ కొంగు బిగించి, పదిమంది ఆడవాళ్లతో సారా కొట్టు ముందు కూర్చుంది. అప్పటిదాకా ఆమె గొంతు మా వాకిలి దాటి వినబడగా నేనెరుగను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడుగారి ప్రభుత్వం దానిని ఎత్తివేసింది. ఆ తరువాత మా ఊళ్ళో సారా పోయిన చోటనే 'వైన్స్' నిలబడింది. సారాకు చెడ్డపేరు వచ్చింది, వైను అన్న మాటకు ఇంకా రాలేదు. పైగా మన మధ్య దాన్ని రుచి చూసి 'ఇది వైను కాదు' అని తగువు పెట్టుకునేవాడు లేడు. ఆ పేరు అంత బాగా అతకడానికి ఇదే కారణమని నా ఊహ. 2019లో ప్రభుత్వమే దుకాణాలు చేతికి తీసుకొంది. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలు మళ్లీ ప్రయివేటువారికి ఇచ్చింది. బోర్డు మారింది, మళ్లీ మారింది. జాలీ మారలేదు.

ఇంటికి తెప్పించుకునే సంగతీ చూద్దాం. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలోనిది. 2020 మే నెలలో సుప్రీంకోర్టు గుంపులు తగ్గించడానికి ఇంటికి చేర్చే పద్ధతి ఆలోచించమని రాష్ట్రాలకు సూచించింది. బెంగాలు, ఒడిషా ఆ దారి పట్టాయి, మన రెండు రాష్ట్రాలు పట్టలేదు. అమెరికాలోనూ ఇటువంటిదే. 1920 నుండి 1933 దాకా అక్కడ నిషేధం నడిచింది. ఎత్తివేసిన రాజ్యాంగ సవరణ మద్యాన్ని రాష్ట్రాల చేతిలో పెట్టింది. తమ రాష్ట్రపు వైను తయారీదారులు ఇళ్లకు పంపవచ్చు, పరరాష్ట్రాలవారు పంపకూడదు అని మిషిగన్, న్యూయార్కు రాష్ట్రాలు నియమం పెట్టాయి. 2005 మే నెలలో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఒకరికి అనుమతించి మరొకరికి నిరాకరించడం చెల్లదని అయిదుగురు నలుగురు తేడాతో తీర్పు చెప్పింది. అప్పటి మిషిగన్ గవర్నరు గ్రాన్‌హోమ్ పేరిట ఆ కేసు ప్రసిద్ధం. మావాడు ఇంట్లో కూర్చొని కాలిఫోర్నియా సీసాల మధ్య తల పట్టుకోగలిగాడంటే ఆ తీర్పు పుణ్యమే.

ఆ రాత్రి మేము నేర్చుకున్నది క్లుప్తంగా చెబుతాను. 'డ్రై' అంటే పొడిది కాదు, తీపి మిగలనిది; చక్కెర అంతా పులిసిపోయిందన్నమాట. ఎర్ర వైనులో నాలుకను పట్టేది వగరు. ద్రాక్ష తొక్కలనుండి, గింజలనుండి వస్తుంది. వక్క నమిలిన నోటికి, కరక్కాయ ఎరిగిన నాలుకకు దాన్ని కొత్తగా వివరించనక్కరలేదు. సీసా మీది సంవత్సరం ద్రాక్ష కోసిన సంవత్సరం, అమ్మిన సంవత్సరం కాదు. శాతం చూడాలి, పన్నెండుకూ పదిహేనుకూ మనిషి మీద తేడా ఉంటుంది. ధర ఎక్కువయితే రుచి ఎక్కువనే హామీ లేదు. మండుటెండలోనూ గడ్డకట్టే చలిలోనూ లారీలో తిరిగిన వైను చెడుతుంది, కనుక అక్టోబరు మంచి నెల.

చివరికి ఎంచినది కాలిఫోర్నియాలోని లోడై ప్రాంతపు జిన్‌ఫాండెల్. ఇరవై రెండు డాలర్లు. ఎందుకంటే దాని కథ నచ్చింది. చాలాకాలం అది అమెరికా ద్రాక్షే అనుకున్నారు. ఎక్కడినుండి వచ్చిందో ఎవరికీ తెలియదు. 2001లో జన్యుపరీక్షలో క్రొయేషియా తీరంలో మిగిలిపోయిన కొన్ని తీగలతో సరిపోయింది. నిషేధకాలంలో ఇళ్లలో పరిమితంగా వైను చేసుకోనిచ్చారు గనుక, ఆ ద్రాక్ష కొనేవాళ్లుండి కొన్ని పాత తోటలు నరకబడకుండా బతికాయి. "మన మాదిరే వలసొచ్చి ఈడ పాతుకునింది మామా" అన్నాడు మావాడు. ఎంపికకు అంతకంటే మంచి కారణం నాకు తోచలేదు.

నాలుగు రోజులకు పార్సెలు వచ్చింది. ఇంట్లో నేనొక్కడినే ఉన్నాను. పెద్దవాళ్లెవరో ఒకరు సంతకం చేయనిదే ఇవ్వకూడదని నియమం. తెచ్చినతను గడ్డం నెరిసిన నన్ను చూసి నవ్వి, చిన్న తెర ముందు పెట్టాడు. వేలు కదలలేదు. సారా కొట్టు ముందు బైఠాయించిన మనిషి కొడుకును నేను. రెండు క్షణాలు నిలబడి సంతకం చేశాను.

ఆ రాత్రి అక్కకు ఫోనులో చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. పడలేదు.

"ఆ సీసా మింద యాడ జేసినారో రాసుంటాదా?" అని అడిగింది.

రాసి ఉందన్నాను. ద్రాక్ష పేరు, ఊరి పేరు, కోసిన సంవత్సరం, ఎంత శాతమో, చేసినవాళ్ల పేరు, అన్నీ చదివి వినిపించాను. కొంచెంసేపు మాట లేదు.

"మన నాయన తాగినదాని మింద ఏం రాసున్నిందిరా?"

జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించాను. పొట్లం రంగు గుర్తుంది, చివర పంటిగాటు గుర్తుంది. అక్షరాలు గుర్తు లేవు.

కడప, చిత్తూరు జిల్లాలలో 1938 నాటి నిషేధకాలాన్ని గురించి మీ ఇంటి పెద్దలు చెప్పగా విన్నవేమైనా ఉంటే, పెద్దమనసుతో వ్రాయగలరు. ఆ తరం దాదాపుగా వెళ్లిపోయింది.